హెచ్‌ఆర్ చదువు: ఎంబీఏనా, ఎంహెచ్‌ఆర్‌ఎంనా?

సంక్షిప్తంగా

సంస్థలో మనుషుల నియామకం, జీతాలు, సంక్షేమం చూసే హెచ్‌ఆర్ ఉద్యోగానికి దారితీసే పీజీలు ఒకటికి మూడున్నాయి: ఎంబీఏ, ఎంహెచ్‌ఆర్‌ఎం (మాస్టర్ ఆఫ్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్), ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్). ఫ్యాక్టరీ చట్టం నుంచి ఒక పాయ, మేనేజ్‌మెంట్ స్కూళ్ల నుంచి ఇంకో పాయ వచ్చి కలిసిన సబ్జెక్టు ఇది. అందుకే ఇన్ని పేర్లు. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో దొరికే పని మొదటి పాయకు దగ్గర: జీతాల లెక్క, పీఎఫ్, కార్మిక చట్టం. విద్యార్థులు ఊహించుకునే పని రెండో పాయది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో ఈ ఎడం ఇంకాస్త పెరిగింది.

ఒకే బస్సు, రెండు డిగ్రీలు

ఐసెట్ ర్యాంకు చేతికొచ్చాక బీకాం, బీబీఏ, బీఏ పూర్తిచేసిన పిల్లల ఇళ్లలో ఒక ప్రశ్న తిరుగుతుంది. హెచ్‌ఆర్ మీద ఆసక్తి ఉంటే ఎంబీఏలో చేరి రెండో ఏడాది హెచ్‌ఆర్ తీసుకోవాలా, మొదటి రోజు నుంచీ హెచ్‌ఆర్ మాత్రమే చెప్పే ఎంహెచ్‌ఆర్‌ఎంలో చేరాలా? తెలిసినవాళ్లను అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఎంబీఏ అంటే విలువ అని ఒకరు, ఎంహెచ్‌ఆర్‌ఎంకు ఫీజు తక్కువ అని ఒకరు, రెండూ ఒకటేలే అని మరొకరు.

1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలై, 1976లో విశ్వవిద్యాలయమైన నాగార్జునలో ఈ రెండూ ఉన్నాయి. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సు నాగార్జుననగర్ దగ్గర ఆగితే దిగేవాళ్లలో ఒకరు మేనేజ్‌మెంట్ క్లాసుకు, ఒకరు హెచ్‌ఆర్‌ఎం విభాగానికి వెళ్తారు. రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే 'హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్' పోస్టుకు బయోడేటా పంపుతారు. వీళ్లకు తోడు సోషల్ వర్క్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లూ అదే పోస్టుకు వస్తారు. చుట్టుపక్కల వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండల్లోని ప్రైవేటు విశ్వవిద్యాలయాల మేనేజ్‌మెంట్ పట్టభద్రులు సరేసరి.

ఒక ఉద్యోగానికి ఇన్ని దారులు ఎలా వచ్చాయో తెలిస్తే ఏ దారి ఎటు పోతుందో చెప్పడం తేలిక.

మేస్త్రీ స్థానంలో వచ్చిన ఆఫీసరు

బ్రిటిష్ కాలపు మిల్లుల్లో కూలీని పనిలో పెట్టుకునేది యజమాని కాదు, జాబర్ అనే మధ్యవాడు. మన వైపు మాటలో మేస్త్రీ. పనిలో పెట్టుకోవడానికి అతనికి మామూలు ఇవ్వాలి, మానేసి మళ్లీ చేరడానికీ ఇవ్వాలి. 1929లో వేసిన రాయల్ కమిషన్, అంటే విట్లీ కమిషన్, 1931లో ఇచ్చిన నివేదికలో మనుషుల్ని తీసుకునే అధికారం జాబర్ చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసరుకు ఇవ్వాలని సూచించింది. మన దేశంలో హెచ్‌ఆర్ అనే ఉద్యోగానికి మూలపురుషుడు ఆ ఆఫీసరే.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠాలను గమనిస్తే విట్లీ కమిషన్ ఏ ఏర్పాటు గురించి మాట్లాడిందో కొంత అర్థమవుతుంది. ముఠాలోకి కొత్తవాడు రావాలంటే ముఠా ఒప్పుకోవాలి. కూలి బస్తా లెక్కన వస్తుంది, పంపకం లోపలే జరుగుతుంది. అక్కడ హెచ్‌ఆర్ విభాగం లేదు, మేస్త్రీ ఉన్నాడు. అయితే మిల్లు జాబర్‌కూ ముఠా మేస్త్రికీ ఒక తేడా ఉంది. జాబర్ యజమాని మనిషి. ముఠా మేస్త్రి చాలాచోట్ల కూలీల్లో ఒకడు, వాళ్ల తరఫున రేటు మాట్లాడేవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ సూచన చట్టంలోకి ఎక్కింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ 500 మంది, అంతకుమించి కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలంది. ఆయన అర్హతలు, విధులు నిర్ణయించే పని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. చట్టం ఒక పోస్టు పుట్టించింది కాబట్టి దానికి మనుషుల్ని తయారుచేసే చదువు కావాలి. అప్పటికే బొంబాయిలో 1936లో మొదలైన సోషల్ వర్క్ స్కూలు ఉంది. ఇప్పుడు దాన్నే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అంటున్నారు. 1949లో జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనే మేనేజ్‌మెంట్ స్కూలు వచ్చింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయాలు లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్ అంటూ రకరకాల పేర్లతో పీజీలు పెట్టాయి. నేటి ఎంహెచ్‌ఆర్‌ఎం చాలాచోట్ల ఈ కోర్సులకు పేరు మార్చిన వారసురాలే. ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు హెచ్‌ఆర్‌లోకి ఎందుకు వస్తారన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే. వాళ్లు పక్కదారిన వచ్చినవాళ్లు కారు, మొదటి నుంచీ ఉన్నవాళ్లు.

ఈ పాయలో తెలుగు విద్యార్థికి దగ్గరి పేరు ఒకటి తగులుతుంది. 1952 ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయిన వి.వి.గిరి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును (తీర్పును) ప్రభుత్వం మార్చడాన్ని వ్యతిరేకించి 1954లో పదవి వదిలేశారు. వివాదం వచ్చిన ప్రతిసారీ ట్రిబ్యునల్‌కు పోవడం కంటే యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే మేలన్నది ఆయన వాదన. ఇండస్ట్రియల్ రిలేషన్స్ పేపర్లో దీన్ని 'గిరి అప్రోచ్' పేరుతో చెబుతారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.

రెండో పాయ బాగా ఆలస్యంగా వచ్చింది. 1970లలో ఎల్ అండ్ టీ కంపెనీ కోసం ఉదయ్ పరీక్, టి.వి.రావు తయారుచేసిన పద్ధతితో హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) అనే మాట మన కంపెనీల్లోకి వచ్చింది. 1980లలో అమెరికా మేనేజ్‌మెంట్ స్కూళ్లు హెచ్‌ఆర్‌ఎం అన్నాయి. 1991 తర్వాత ప్రైవేటు కంపెనీలు, ఆపైన ఐటీ పెరిగేసరికి ఎంబీఏలో హెచ్‌ఆర్ ఒక స్పెషలైజేషన్‌గా కుదురుకుంది. మొదటి పాయలో ఉద్యోగి అంటే హక్కులున్న మనిషి. రెండో పాయలో నైపుణ్యమున్న వనరు. పుస్తకాల్లో రెండూ కలిసిపోయినట్టు రాస్తారు గానీ, పరీక్ష పేపరు చూస్తే ఏ ప్రశ్న ఎటు నుంచి వచ్చిందో పట్టేయొచ్చు.

లెక్చరర్ల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ మాత్రం ఈ చరిత్రనంతా ఒక్క వరసలో పెట్టేసింది. సబ్జెక్టు కోడ్ 55 పేరు చదివితే లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, లేబర్ అండ్ సోషల్ వెల్ఫేర్, హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అన్నీ అందులోనే ఉంటాయి. పేర్లు ఎన్నయినా సబ్జెక్టు ఒకటేనని అధికారికంగా ఒప్పుకున్నట్టే.

సిలబస్‌లో తేడా

ఎంబీఏ మొదటి ఏడాది ఏ స్పెషలైజేషన్ వాళ్లకైనా ఉమ్మడే: అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్, ఫైనాన్స్. హెచ్‌ఆర్ అప్పటికి ఒకటో రెండో పేపర్లు. రెండో ఏడాది ఎలెక్టివ్‌లలోనే అసలు విషయం వస్తుంది. అందులో కార్మిక చట్టాలకు దక్కేది సాధారణంగా ఒక పేపరు. ఎంహెచ్‌ఆర్‌ఎంలో నాలుగు సెమిస్టర్లూ ఈ విషయమే కనుక చట్టం, పారిశ్రామిక సంబంధాలు, వేతనాలు, సామాజిక భద్రత విడివిడి పేపర్లుగా వస్తాయి. ఎంహెచ్‌ఆర్‌ఎం విద్యార్థికి బ్యాలెన్స్ షీట్ కొత్త, ఎంబీఏ విద్యార్థికి స్టాండింగ్ ఆర్డర్స్ (సంస్థలోని ఉద్యోగ నియమావళి) కొత్త. ఎంబీఏకు ఇంకో సౌకర్యం ఉంది. ఏడాది గడిచాక హెచ్‌ఆర్ నచ్చకపోతే ఫైనాన్స్‌కో మార్కెటింగ్‌కో మళ్లొచ్చు. ఎంహెచ్‌ఆర్‌ఎంలో ఆ వీలు లేదు.

'లెక్కలు రావుగా, హెచ్‌ఆర్ తీసుకో'

రెండో ఏడాది స్పెషలైజేషన్ ఎంచుకునేటప్పుడు తరచూ వినిపించే సలహా ఇది. ఫైనాన్స్‌లో లెక్కలుంటాయి, మార్కెటింగ్‌లో తిరుగుడు ఉంటుంది, హెచ్‌ఆర్ అయితే ఏసీ గదిలో కూర్చుని ఇంటర్వ్యూలు చేయొచ్చు, టెన్షన్ ఉండదు. ఆడపిల్లలకైతే మరీ బాగుంటుందని ఇంట్లోవాళ్లు ఇంకో మాట కలుపుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలాఖరుకే ఈ ఊహ తేలిపోతుంది. ఎందుకో ఒక పే స్లిప్పు చూస్తే చాలు.

విజయవాడలోని ఒక బట్టల షోరూములో సేల్స్‌మన్ జీతం 30,000 రూపాయలనుకుందాం. అందులో బేసిక్ 12,000, ఇంటి అద్దె అలవెన్సు 9,000, అమ్మకాల మీద కమిషన్ 9,000. పాత పద్ధతిలో ఇంటి అద్దె, కమిషన్ పీఎఫ్ లెక్కలోకి రావు. 12,000 మీద 12 శాతం, అంటే 1,440 రూపాయలు ఉద్యోగి జీతంలోంచి కట్ అవుతుంది. అంతే మొత్తం యజమాని కలుపుతాడు. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే అలవాటు అందుకే వచ్చింది.

కొత్త కోడ్‌లు వేతనం అనే మాటకు ఒకే నిర్వచనం పెట్టాయి. ఇంటి అద్దె, కమిషన్, ఓవర్‌టైం వంటివి మినహాయింపులే గానీ, మినహాయింపులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటకూడదు. దాటినంత మొత్తాన్ని మళ్లీ వేతనంలో కలపాలి. ఇక్కడ మినహాయింపులు 18,000. సగం 15,000. దాటిన 3,000 బేసిక్‌కు కలిపితే వేతనం 15,000 అవుతుంది. ఆ వేతనం మీద పీఎఫ్ 1,800. చేతికొచ్చే డబ్బులో 360 తగ్గుతుంది, యజమాని ఖర్చు 360 పెరుగుతుంది, ఉద్యోగి ఖాతాల్లోకి నెలకు 720 అదనంగా చేరుతుంది. పీఎఫ్‌ను ఇప్పటికే 15,000 చట్టబద్ధ పరిమితి మీద కడుతున్న చోట మాత్రం చేతికొచ్చే జీతం ఈ కారణంగా తగ్గదు. కేంద్ర కార్మిక శాఖ కూడా ఈ సంగతి స్పష్టం చేసింది.

అసలు తేడా గ్రాట్యుటీలో, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తంలో, కనపడుతుంది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన సంవత్సరాలతో మళ్లీ గుణించాలి. పదేళ్లు పనిచేసిన మనిషికి 12,000 వేతనం మీద సుమారు 69,231 రూపాయలు వస్తుంది. 15,000 మీద సుమారు 86,538. జీతం పెరగలేదు, పని మారలేదు, నిర్వచనం మారితే వచ్చిన తేడా 17,000 పైచిలుకు.

చిక్కు ఇంకా ఉంది. కమిషన్ నెలనెలా ఒకేలా ఉండదు. దసరా నెలలో అది 15,000 అయిందంటే మొత్తం 36,000, మినహాయింపులు 24,000, సగం 18,000, కలపాల్సింది 6,000, వేతనం 18,000. అంటే పండగ నెల వేరు, మామూలు నెల వేరు. ఆషాఢం డిస్కౌంట్ల నెల లెక్క మళ్లీ వేరు. ప్రతి నెలా ప్రతి మనిషికీ ఈ లెక్క వేయాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రెండింటికీ మరుసటి నెల 15వ తేదీ గడువు. లెక్కలు తప్పించుకుందామని తీసుకున్న సబ్జెక్టులో నెలకోసారి వచ్చే పరీక్ష ఇది. సాఫ్ట్‌వేర్ కూడిక, తీసివేత చేస్తుంది. ఏ పద్దు మినహాయింపు, ఏది కాదు అన్నది దానికి చెప్పాల్సింది మనిషే.

కోడ్‌లు వచ్చాక సిలబస్ సగం పాతబడింది

29 కేంద్ర చట్టాలు నాలుగు కోడ్‌లుగా మారాయి. వేతనాల కోడ్ 2019లో, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత కోడ్‌లు 2020లో పార్లమెంటు ఆమోదం పొందాయి. కార్మిక విషయం ఉమ్మడి జాబితాలోది కాబట్టి రాష్ట్ర నిబంధనలతో కలిపి చదివితేనే ఇవి పూర్తవుతాయి. ఐదేళ్లపాటు చట్టం పుస్తకంలో ఉండి అమల్లో లేకపోవడంతో క్లాసుల్లో పాతది చెప్పి, చివర్లో కొత్తదాన్ని పరిచయం చేసే అలవాటు పడింది. ఇప్పుడది తిరగబడాలి.

మారినవాటిలో చిన్నవిగా కనిపించే అంకెలే పెద్దవి. స్టాండింగ్ ఆర్డర్స్ తప్పనిసరి అయ్యే హద్దు 100 మంది నుంచి 300కు పెరిగింది. లేఆఫ్‌కు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి అవసరమయ్యే హద్దు కూడా అంతే. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 మంది దగ్గర మొదలయ్యేవి, ఇప్పుడు 50 దగ్గర. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం ప్రజోపయోగ సేవల నుంచి అన్ని పారిశ్రామిక సంస్థలకూ విస్తరించింది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్లు ఆగక్కర్లేదు.

యాజమాన్యానికి వెసులుబాటు పెంచిన ఈ మార్పుల మధ్య ఒకటి ఎదురుదిశలో వెళ్లింది. వెల్ఫేర్ ఆఫీసరు ఉండాల్సిన హద్దు 500 నుంచి 250కి తగ్గింది. అంటే చట్టప్రకారం ఆ పోస్టు పెట్టాల్సిన ఫ్యాక్టరీల సంఖ్య పెరుగుతుంది. ఎంహెచ్‌ఆర్‌ఎం, ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు ఇది నేరుగా తగిలే అంశం. అయినా కోడ్‌ల మీద జరిగిన చర్చలో దీనికి దక్కిన చోటు బాగా తక్కువ.

దీనికి రాష్ట్ర మార్పులు అదనం. రోజుకు గరిష్ఠ పని గంటలను 9 నుంచి 10కి పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. షిఫ్టులు, ఓవర్‌టైం మళ్లీ లెక్కవేసుకోవాల్సిన పని ఎవరి బల్ల మీదికి వస్తుందో చెప్పక్కర్లేదు.

ఈ రెండు ఊళ్లలో హెచ్‌ఆర్ ఎవరు చేస్తున్నారు

విజయవాడ, గుంటూరు ఆర్థిక వ్యవస్థ పెద్ద ఫ్యాక్టరీల మీద నిలబడ్డది కాదు. ఆటోనగర్ షెడ్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, స్పిన్నింగ్ మిల్లులు, పొగాకు, డెయిరీలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, సూర్యారావుపేట, కొత్తపేట ఆసుపత్రులు, జూనియర్ కాలేజీలు, బీసెంట్ రోడ్డు దుకాణాలు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, రైల్వే, ఆర్టీసీ వంటివి పెద్దవే గానీ వాటి నియామకాల దారి వేరు. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ఉంది. ఇలాంటి పెద్ద ప్రైవేటు సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

సంస్థ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి హెచ్‌ఆర్ పని పుడుతుంది. ఆ పుట్టుక దగ్గర కూడా చట్టమే ఉంది. 10 మంది ఉంటే ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ. 20కి చేరితే పీఎఫ్. 50కి వచ్చేసరికి పిల్లల సంరక్షణ కేంద్రం. ప్రతి మెట్టు దగ్గర ఒక రిజిస్టరు, ఒక రిటర్ను పెరుగుతాయి. అందుకే కొన్నిచోట్ల సిబ్బంది సంఖ్య 19 దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఒకే యజమాని ఒకే కాంప్లెక్సులో మూడు పేర్లతో మూడు దుకాణాలు నడపడమూ ఉంది. పీఎఫ్ చట్టంలో శాఖలూ విభాగాలూ అన్నీ కలిపి ఒకే సంస్థ కింద చూసే సెక్షన్ ఈ ఎత్తు తెలిసే పెట్టారు.

20 నుంచి 100 మంది దాకా ఉన్న సంస్థ హెచ్‌ఆర్ విభాగం పెట్టదు. హాజరు పట్టీ అకౌంటెంటు చూస్తాడు, జీతాలు యజమాని తమ్ముడో బావమరిదో ఇస్తాడు, పీఎఫ్, ఈఎస్‌ఐ పని బయటి కన్సల్టెంటుకు పోతుంది. ఒక్కో కన్సల్టెంటు పదుల సంస్థల చలాన్లు కడతాడు, యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) తప్పులు సరిచేస్తాడు, తనిఖీకి వస్తే వెంట నిలబడతాడు. కాలేజీలో హెచ్‌ఆర్ అని చెప్పేదాంట్లో పెద్ద భాగం ఈ ఊళ్లలో జరుగుతున్నది ఇలాంటి కన్సల్టెంట్ల దగ్గరే. వాళ్ల బోర్డు మీద హెచ్‌ఆర్ అనే మాట ఉండకపోవచ్చు. ప్లేస్‌మెంట్ సెల్ జాబితాలోకి కూడా ఈ ఆఫీసులు రావు. మొదటి జీతం చిన్నది. అయితే రెండేళ్లు అక్కడ పనిచేసినవాళ్లు ఆసుపత్రినో మిల్లునో డెయిరీనో ఒంటిచేత్తో చూసుకోగలుగుతారు.

ఆసుపత్రులది ప్రత్యేక పరిస్థితి. నర్సులు త్వరత్వరగా మారిపోతారు, షిఫ్టులు మూడు, డాక్టర్లలో సగంమంది జీతం మీద కాక ఫీజు పద్ధతిలో ఉంటారు, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ ఏజెన్సీ మనుషులు. ఎవరు ఉద్యోగి, ఎవరు కాంట్రాక్టు, ఎవరు వృత్తి నిపుణుడు అన్నది ఒకే భవనంలో మూడు రకాలుగా తేలుతుంది. పెద్ద ఫ్యాక్టరీ లేని ఊళ్లో హెచ్‌ఆర్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

రాత్రి షిఫ్టు రిక్రూటర్

స్థానికంగా సంస్థలు చిన్నవి కావడంతో చదువు పూర్తయినవాళ్లు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై చూస్తారు. అక్కడ తలుపు తెరిచేది ఎక్కువగా రిక్రూటర్ ఉద్యోగం. అందులోనూ తెలుగువాళ్లు గట్టిగా ఉన్న రంగం అమెరికా ఐటీ స్టాఫింగ్, అంటే అక్కడి కంపెనీలకు ఐటీ మనుషుల్ని వెతికిపెట్టడం. సాయంత్రం మొదలై తెల్లవారుజాముదాకా సాగే షిఫ్టు, ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్న ఓపీటీ (చదువు తర్వాత అమెరికాలో పనిచేసే అనుమతి), హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్ల రెజ్యూమేలు, రోజుకిన్ని సబ్మిషన్లు, నెలకిన్ని క్లోజర్లు. జీతం చిన్నది, ఇన్సెంటివ్ పెద్దది.

పేరుకు హెచ్‌ఆరే. పని స్వభావం మాత్రం సేల్స్. భారత కార్మిక చట్టం, పీఎఫ్, యూనియన్ చర్చలు ఏవీ ఇక్కడ అక్కరకు రావు. ఇంగ్లీషు, ఫోన్ మీద పట్టు, వీసా రకాల మీద అవగాహన కావాలి. వీటిలో దేనికీ ఎంబీఏ అక్కర్లేదు, అందుకే బీటెక్ వాళ్లూ బీకాం వాళ్లూ పక్క కుర్చీల్లో ఉంటారు. మూడేళ్ల తర్వాత కంపెనీ లోపలి హెచ్‌ఆర్‌కు మారాలనుకునే రిక్రూటర్‌కు ఎదురయ్యే చిక్కు ఇక్కడిది: నియామకాల అనుభవం నిండుగా ఉంటుంది, పేరోల్ అనుభవం సున్నా. అమెరికా వీసా విధానం బిగిసిన ప్రతిసారీ ఈ ఉద్యోగాలు ఊగుతాయన్నది మరో సంగతి.

నోటిఫికేషన్‌లో చిన్న అక్షరాలు

ప్రభుత్వ ఉద్యోగాల వైపు చూసేవాళ్లకు డిగ్రీ పేరు కంటే దాని కింద రాసినవి ముఖ్యం. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ల నియామకంలో హెచ్‌ఆర్/పర్సనల్ ఆఫీసర్ పోస్టు ఉంది. పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, హెచ్‌ఆర్, హెచ్‌ఆర్‌డీ, సోషల్ వర్క్, లేబర్ లా, వీటిలో దేంట్లోనైనా రెండేళ్ల ఫుల్‌టైం పీజీ లేదా పీజీ డిప్లొమా ఉండాలి. అంటే దూరవిద్యలో చేసిన ఎంహెచ్‌ఆర్‌ఎం ఇక్కడ పనికిరాదు. నాగార్జున సహా విశ్వవిద్యాలయాల దూరవిద్య కోర్సులు ఉద్యోగంలో ఉన్నవారి పదోన్నతికి సాయపడొచ్చు. ఈ దరఖాస్తుకు మాత్రం సరిపోవు.

డ్యూయల్ స్పెషలైజేషన్ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. రెండు స్పెషలైజేషన్లలో ఒకటి హెచ్‌ఆర్ అయితే పరవాలేదు. మేజర్, మైనర్ అని ఉంటే మేజర్ హెచ్‌ఆర్ అయి తీరాలి. రెండుకు మించి స్పెషలైజేషన్లు ఉన్న ఎంబీఏకు అర్హత లేదు. కాలేజీ బ్రోచర్లో గొప్పగా అచ్చేసే 'ట్రిపుల్ స్పెషలైజేషన్' ఇక్కడ నష్టం చేస్తుంది. ఎంహెచ్‌ఆర్‌ఎం పట్టాకు ఈ తలనొప్పి లేదు.

నెట్ కోడ్ 55 లెక్చరర్ ఉద్యోగాలకే పరిమితం కాలేదు. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌లను నెట్ మార్కుల మీద పిలిచిన సందర్భాలున్నాయి. ఏపీపీఎస్సీ గ్రూప్-2లోని అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్, యూపీఎస్సీ నిర్వహించే పీఎఫ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు. అయితే పీఎఫ్ పరీక్ష సిలబస్‌లో పారిశ్రామిక సంబంధాలు, కార్మిక చట్టాలు, సామాజిక భద్రత ఉంటాయి. హెచ్‌ఆర్ విద్యార్థికి అక్కడ కొంత చదువు ముందే అయిపోయి ఉంటుంది.

ప్రాజెక్టు అనే అసలు పరీక్ష

ఏ కోర్సయినా చివర్లో ప్రాజెక్టు ఉంటుంది. డెయిరీకో మిల్లుకో ఆసుపత్రికో వెళ్లి నలభై అయిదు రోజులు, రెండు నెలలు గడిపి నివేదిక రాయాలి. కాలేజీ లైబ్రరీల్లో బైండు చేసి పెట్టిన పుస్తకాల వీపు మీది పేర్లు చూస్తే వరసగా 'ఎంప్లాయీ శాటిస్‌ఫాక్షన్', 'వెల్ఫేర్ మెజర్స్', 'ట్రైనింగ్ అండ్ డెవలప్‌మెంట్'. కంపెనీ పేరు మారుతుంది, లోపల వంద మందికి ఇచ్చిన ప్రశ్నావళి మారదు. క్యాంటీన్ బాగుందా అంటే చాలా బాగుంది, బాగుంది, పరవాలేదు. సూపర్‌వైజరు చూస్తుండగా నింపిన కాగితంలో ఇంతకంటే వేరే జవాబు రాదు కదా.

ఇందులో విద్యార్థి తప్పు కొంతే. సంస్థలు జీతాల రిజిస్టరు బయటివాళ్లకు చూపించవు, కాబట్టి అభిప్రాయాలు అడగడం ఒక్కటే మిగులుతుంది. అయినా అడిగితే దొరికేవి కొన్ని ఉన్నాయి. ఏడాదిలో ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, మానేసినవాళ్లు సగటున ఎన్ని నెలలున్నారు, చేరిన వెంటనే యూఏఎన్ ఇచ్చారా, ఈఎస్‌ఐ కార్డుతో గుణదల ఆసుపత్రికి ఎంతమంది వెళ్లారు. ఇవి ఎవరి పేరూ బయటపెట్టని అంకెలు. వీటితో రాసిన పాతిక పేజీలు ఇంటర్వ్యూలో పనికొస్తాయి. ఎదుటివాళ్లు రెండో ప్రశ్న వేయగలరు, అభ్యర్థి జవాబు చెప్పగలడు.

కోర్సులో చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఈ ధోరణిలోవే. క్యాంపస్ ఎంత పెద్దదన్న దానికంటే మూడు, నాలుగు సెమిస్టర్ల సిలబస్ కాపీ ఎక్కువ చెబుతుంది. చట్టానికి ఎన్ని పేపర్లున్నాయి, పేరోల్ చేతులతో చేయిస్తారా, ప్రాజెక్టు చోటు కాలేజీ చూపిస్తుందా, విద్యార్థే వెతుక్కోవాలా, పట్టా మీద స్పెషలైజేషన్ ఎలా అచ్చవుతుంది. ఇక కార్మిక చట్టాల పేపర్లో 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 ఫ్యాక్టరీల చట్టం మాత్రమే ఉండి కోడ్‌ల ఊసే లేకపోతే, ఆ సిలబస్ 2025 నవంబరు ముందే ఆగిపోయిందని అర్థం.